నడుము వంచకుండా ఎక్కే కారు

ఫిబ్రవరి 3

ఒరే తుంటరీ,

బాగున్నావని అనుకుంటున్నాను. బాగోకపోతే ఈపాటికి ఎవరిదో ఒకరి గొంతు పెట్టుకుని ఫోను చేసి ఉండేవాడివి. ముందే చెబుతున్నాను, ఫోను చెయ్యకు. కిందటిసారి కరెంటాఫీసు ఇంజినీరు గొంతుతో దగ్గుతూ, "అమ్మా, మీ ఇంటి తీగల్లో తేడా ఉంది, అన్నీ ఆర్పేసి నేల తాకకుండా కూర్చోండి" అన్నావు. మధ్యాహ్నమంతా ఫ్యాను కూడా లేకుండా కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాను. మీ బావ వచ్చి ఇదేమిటి అంటే చెప్పడానికి సిగ్గేసింది. ఇకమీదట నీతో ఏ మాటైనా కాగితం మీదే. కాగితానికి గొంతుండదు.

ఇప్పుడు పని చెబుతాను. ఇన్నేళ్ళుగా కార్ల సీట్లు కుట్టే షాపులో ఉన్నావు కాబట్టి నీకు తెలిసి ఉండాలి. సెడాను మంచిదా, ఎస్‌యూవీ అంటారే, ఆ ఎత్తు బండి మంచిదా? ఇంజను సంగతి, మైలేజి సంగతి నాకొద్దు. లోపల చోటెంత, పొడుగు మనిషి చాలాసేపు కూర్చుంటే సీటు ఎలా ఉంటుంది, అంతే. నాకోసం కాదు. మా పక్కింటి టీచరమ్మ కనుక్కోమంది.

ఇక్కడ అంతా మామూలే. మీ బావ పొద్దున్నే గడియారాల షాపు తెరవడం, సాయంత్రం మూయడం. మొన్న ఒక్క కాలికే చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదట. నేనే వెళ్ళి వెతికి తెచ్చాను.

త్వరగా రాయి. ఆటలాడకుండా రాయి.

మీ అక్క

*

ఫిబ్రవరి 9

కారు కొనబోతున్న అక్కగారికి తమ్ముడు వంగి వంగి రాసేది,

పక్కింటి టీచరమ్మా? అక్కా, అబద్ధం ఆడటం కూడా ఒక చేతిపని. అది నీ చేతికి రాలేదు. కిందటేడు నేను వచ్చినప్పుడు ఆ పక్కింటికి తాళం వేసి ఉంది, తాళానికి సాలెగూడు పట్టి ఉంది. "పొడుగు మనిషి" అని రాసినప్పుడే దొరికిపోయావు. మీ వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా తల వంచే మనిషి గడియారం పెద్దముల్లులాంటి మన బావ ఒక్కడే. బావ కారు కొంటున్నాడని చెప్పడానికి ఇంత చాటెందుకు? నేనేమన్నా దిష్టి పెడతానా? పెడతాననుకో, అది వేరే సంగతి.

సరే, విను. సెడానులోకి ఎవరూ ఎక్కరు, దిగుతారు. ముందు తల వంచాలి, తర్వాత నడుము వంచాలి, ఆ తర్వాత వెనక భాగాన్ని దేవుడి మీద భారం వేసి లోపలికి వదిలెయ్యాలి, చివరికి బయట మిగిలిపోయిన కాళ్ళను ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. కూర్చున్నాక మాత్రం హాయి. వీపు వెనక్కి వాలుతుంది. బండి నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఊగదు. గుంత వస్తే మెల్లగా దిగి మెల్లగా లేస్తుంది. మోకాళ్ళు కాస్త పైకొస్తాయి. బావలాంటి మనిషైతే వాటి మీద గడ్డం ఆనించుకుని నిద్రపోవచ్చు, దిండు మోసుకెళ్ళే పని లేదు. వెనక సీటు మధ్యలో నేల మీద ఒక గట్టు ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడు దానికి అటో కాలూ ఇటో కాలూ వేసుకుని గుర్రం మీద ఊరేగినట్టు వెళ్ళాలి.

ఎస్‌యూవీ అంటే మేడ. మెట్టుంటుంది, పట్టుకోవడానికి పైన పిడి ఉంటుంది, తల ఎత్తుకునే ఎక్కవచ్చు. సీటు మన ఇంటి కుర్చీ ఎత్తున ఉంటుంది, తొడలు పూర్తిగా ఆనుతాయి. నెత్తికీ కప్పుకీ మధ్య ఇంకో నెత్తి పడుతుంది. కానీ గుంత వచ్చిందా, సీటు కింది నుంచి తంతుంది. మలుపు తిరిగితే గోడగడియారం లోలకంలా ఊగుతావు. అన్నిటికన్నా వెనక మూడో వరస అని ఒకటి ఉంటుంది. అది మనుషుల కోసం కాదు, రావద్దని చెప్పలేని చుట్టాల కోసం.

బావకు చెప్పు జారిపోయినా తెలియలేదంటే కారు మత్తు నెత్తికెక్కిందన్నమాట. కారున్నవాడికి చెప్పులెందుకు, రెండోది కూడా పారేయమను.

మీ కాబోయే డ్రైవరు,
తుంటరి

*

ఫిబ్రవరి 14

ఒరే,

నీ ఉత్తరంలో నాకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు, మిగిలినదంతా కోతి వేషాలు. ఆ చెప్పు సంగతి మీద హాస్యాలు వద్దు.

టీచరమ్మ ఉంది. కిందటి నెలే దిగింది. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. ఆవిడ ఇంకా కొన్ని అడుగుతోంది. సెడానులోకి నడుము అసలు వంచకుండా ఎక్కే దారి ఏమైనా ఉందా? ఎస్‌యూవీ మెట్టెక్కేటప్పుడు బరువంతా ఒక కాలి మీదే పడుతుంది కదా, ఆ కాలి మీద మనిషికి నమ్మకం లేకపోతే ఏం చెయ్యాలి? గుంతలో పడినప్పుడు దెబ్బ వెన్నులో ఎక్కడ తగులుతుంది, కింద నడుము దగ్గరా, పైనా? సీటు ఎంతవరకు వెనక్కి వాలుతుంది? పొద్దున బయలుదేరితే సాయంత్రం దాకా ప్రయాణం. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కడం కుదరకపోవచ్చు.

వీటికి సరిగ్గా జవాబు రాయి. మీ బావకు ఈ ఉత్తరాల సంగతి తెలియదు. షాపు అడ్రసుకు మాత్రం ఏమీ రాయకు.

మీ అక్క

*

ఫిబ్రవరి 19

అక్కా,

నడుము వంచకూడదు, కాలు మోపకూడదు, దిగకూడదు. మీరు కారెక్కించేది మనిషినా, రాతి విగ్రహాన్నా? చెబితే ఆ మేరకు సీటు కుడతాను. మా షాపులో కుక్కకు ప్రత్యేకంగా సీటు కుట్టించుకున్న డాక్టరున్నాడు, విగ్రహానికి కుట్టించుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు.

ఒక్కదానికి మాత్రం నిజం చెబుతాను. గుంత దెబ్బ నడుము కింద పుట్టి మెడ దాకా పాకుతుంది. సీటు నిటారుగా ఉంటే ఎక్కువ, వాల్చి ఉంటే తక్కువ.

షాపుకు రాయకు అన్నావు. ఆ మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది. అప్పటికే రాసేశాను. మా ఓనరు దగ్గర బంగారు అంచున్న కవరొకటి మిగిలిపోయి ఉంటే చెయ్యి ఊరుకోలేదు. కార్ల కంపెనీ మేనేజరు రాసినట్టు రాశాను. "అయ్యా, తమ శ్రీమతిగారు తమ కొలతలు పంపి మా కార్లలో తమరు పడతారా అని విచారించినందుకు ధన్యవాదములు. చింతించి తెలియజేయునది ఏమనగా, తమ కాళ్ళకు మా కార్లలో చోటు చాలదు. కాళ్ళు ఇంటి దగ్గర వదిలి వచ్చినచో తమను సుఖంగా కూర్చోబెట్టగలము." సంతకం కూడా ఎంత మేనేజరులా వచ్చిందో చూస్తే నువ్వే ఉద్యోగం ఇచ్చేదానివి. బావ నవ్వుకుని ఉంటాడు. ఏమన్నాడో రాయి.

తుంటరి

*

ఫిబ్రవరి 23

ఒరే,

నీ కవరు శనివారం అందింది. మీ బావ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, పట్టపగలు షాపు మూసేసి గోడ పట్టుకుంటూ ఇంటికొచ్చారు. కవరు నా చేతికిచ్చి, "డాక్టరు నీతో విడిగా ఏమన్నా చెప్పాడా? నా కాళ్ళు తీసేస్తారా?" అని అడిగారు. ఆయన ముఖంలో రంగు లేదు. ఇది నా తమ్ముడి చేతిరాత అని చెప్పి, ఒట్టు పెట్టుకుని, నీ పాత ఉత్తరాలన్నీ తెచ్చి పక్కన పెట్టి చూపిస్తే కాసేపటికి నమ్మారు. నమ్మాక కూడా నవ్వలేదు.

టీచరమ్మ లేదు. ఆ ఇంటికి ఇంకా తాళమే.

ఇన్నేళ్ళు బల్ల మీదికి వంగి గడియారాలు బాగుచేసిన వెన్ను. లోపల ఒక పూస నలిగిపోయిందట. నలిగిన ముక్క నరాన్ని నొక్కుతోంది. ఎడమ పాదానికి స్పర్శ పోతోంది. ఆ రోజు చెప్పు జారిపోయినా తెలియనిది అందుకే. నేను వెతకడానికి వెళితే చెప్పు సందు మలుపు దగ్గరే ఉంది. అక్కడి నుంచి ఇంటిదాకా కంకర. ఒట్టి పాదంతో ఆ కంకర మీద నడిచొచ్చారు, అరికాలు చీరుకుపోయినా తెలియలేదు.

పెద్ద ఆసుపత్రిలో మార్చి పదిన ఆపరేషను అన్నారు. ఆ ఊరు నీకు దగ్గర, మాకు దూరం. వెనక్కి వాలి కూర్చుని రావచ్చు, కానీ ముందుకు వంగినా, గట్టి కుదుపు తగిలినా కాళ్ళు రెండూ పోవచ్చు అని ఇక్కడి డాక్టరు చెప్పాడు. ఆంబులెన్సు మాటెత్తితే మీ బావ గోడవైపు తిరిగిపోతున్నారు. వాళ్ళ అన్నయ్య ఆ బండిలో వెళ్ళి తిరిగి రాలేదు కదా. నేను వెళ్ళి చూశాను కూడా. అందులో ఇనుప మంచం, దాని మీద వేలెడు మందం పరుపు. డ్రైవరే, "అమ్మా, అంత దూరం వద్దు" అన్నాడు.

నీకెందుకు చెప్పలేదంటే, ఆయనే వద్దన్నారు. "వాడికి చెప్పకు. వాడు వేళాకోళం మానేశాడంటే నాకు భయమేస్తుంది" అన్నారు.

ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కాలివేళ్ళు గిల్లి చూస్తున్నాను. కుడివేళ్ళు గిల్లితే విదిలిస్తారు. ఎడమవేళ్ళు గిల్లితే ఏమీ లేదు. నాకు ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదురా.

మీ అక్క

*

ఫిబ్రవరి 27

అక్కా,

కాళ్ళు ఇంటి దగ్గర వదిలి రమ్మని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. దాని గురించి ఇంతకన్నా ఏమీ రాయలేను. బావకు చెప్పు, నేను వేళాకోళం మానలేదని. మా ఓనరు బట్టతల మీద ఇవాళ కూడా రెండు జోకులు వేశానని చెప్పు.

నీ ఉత్తరం అందిన రోజే ఒక పని చేశాను. రెక్సిన్ కత్తిరించే పొడవాటి చెక్కబద్ద ఉంది కదా, దాన్ని రెండు పాత సీటు బెల్టులతో వీపుకు కట్టించుకున్నాను, నడుము వంగకుండా. అలా షాపుకొచ్చిన ప్రతి కారూ ఎక్కి దిగాను. ఓనరూ కస్టమర్లూ ఇదేదో కొత్త వేషమని నవ్వారు. నవ్వనీ అని ఊరుకున్నాను.

సెడానులో తలుపు దగ్గర నిటారుగా కూర్చోబోతే బద్ద పై అంచు కప్పుకు తగిలింది. ఇంకాస్త కిందికి జారదామని బరువు వదిలాను. బద్ద నడుము దగ్గర టప్పున విరిగింది. ఆ చప్పుడు నా వెన్నులోంచి వచ్చినట్టే అనిపించింది. కాసేపు అలాగే తలుపులో ఇరుక్కుని ఉండిపోయాను. నవ్వుతున్నవాళ్ళు కూడా ఆపేశారు.

ఎస్‌యూవీకి ఇంకో పరీక్ష పెట్టాను. ఎడమ కాలు మడిచి దాని మీద కూర్చుని, తిమ్మిరెక్కి మొద్దుబారేదాకా ఆగి, ఆ కాలితో మెట్టెక్కబోయాను. పాదం మెట్టు మీద ఉందో గాల్లో ఉందో తెలియలేదు. పడ్డాను. మోచెయ్యి కొట్టుకుపోయింది. నా కాలికి తిమ్మిరి వదులుతుంటే చీమలు పాకినట్టయింది. బావకు ఆ చీమలు కూడా లేవు కదా అనుకున్నాను.

కాబట్టి ఎక్కేటప్పుడు రెండూ ప్రమాదమే. ఎక్కడమంటే ఒక్క నిమిషం పని, ప్రయాణం రోజంతా. రోజంతా మెత్తగా పోయేది సెడానే. అందుకని ఓనరు సెడాను అడిగాను, ఇచ్చాడు. దాని ముందు సీటు విప్పేసి కొత్తగా కడుతున్నాను. పూర్తిగా వెనక్కి వాలుతుంది. బావ తలుపు వైపు నుంచి సీటు అంచున పక్కగా ఆనుకుని, అలాగే వెనక్కి పడుకుంటే, కాళ్ళు మనం ఎత్తి లోపల పెడతాం. అప్పుడు నెమ్మదిగా సీటును అవసరమైనంత లేపుతాం. నడుము కింద గట్టి స్పాంజి, తొడల కింద మెత్తటిది, పక్కలకు జారకుండా రెండు దిమ్మలు. తొమ్మిదో తేదీ పొద్దున్నే బండి మీ గుమ్మంలో ఉంటుంది.

అక్కా, నేనింతవరకు కుట్టిన సీట్లలో ఎవరు కూర్చున్నారో, వాళ్ళకేమయిందో ఎప్పుడూ ఆలోచించలేదు. దీనికి ఒక్కో కుట్టూ వేసి, విప్పి, మళ్ళీ వేస్తున్నాను. బావ విషయంలో ఇక ఏ ఆటా ఆడను, మాట.

తుంటరి

*

మార్చి 4

ఏరా,

నీ మాటకు వారం కూడా నిండలేదు. అప్పుడే ఫోను చేశావు.

నిన్న మధ్యాహ్నం ఫోను మోగితే ఎత్తాను. "ఆసుపత్రి నుంచి" అన్నావు. బొంగురు గొంతు, మాట మాటకీ దగ్గు. కరెంటు ఇంజినీరుకూ ఇదే దగ్గు పెట్టావు, మర్చిపోయాననుకున్నావా? "పెద్ద డాక్టరుగారు మీ ఊరి డాక్టరు పంపిన కొత్త స్కాను చూశారమ్మా. పేషెంటును అస్సలు కూర్చోబెట్టొద్దు. పడుకోబెట్టే తీసుకురండి. పదో తారీఖు దాకా ఆగొద్దు" అన్నావు. నాకు ఒళ్ళు మండింది. "చాల్లేరా, నీకు ఇందులో కూడా ఆటలేనా, నీ నోరు పడిపోను" అని పెట్టేశాను. మళ్ళీ మోగింది. రిసీవరు ఎత్తి పక్కన పెట్టేశాను. ఇంకా అలాగే ఉంది.

భయపడి ఉన్నదాన్ని ఇంకా భయపెడితే నీకేం వస్తుంది? నువ్వు కట్టిన సీటు మీద నీకే నమ్మకం లేకపోతే ఆ మాట కాగితం మీద రాయి.

బావ నీ సీటు గురించి విని కాస్త ధైర్యం తెచ్చుకున్నారు. అంతసేపు కూర్చోవాలి కదా అని రోజూ వాలుకుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టి అలవాటు చేస్తున్నాను. మొదట కాసేపే ఉండేవారు, ఇప్పుడు పూటంతా కూర్చుంటున్నారు. నిన్న లేపేటప్పుడు కుడి మడమ కూడా చల్లగా ఉందన్నారు. తెల్లవారుజామున ఇంకా చలిగానే ఉంటోంది కదా, మేజోళ్ళు వేశాను.

తొమ్మిదో తేదీకి బండి పంపు. నువ్వు రాకపోయినా సరే.

అక్క

*

మార్చి 7

అక్కా,

ఆ ఫోను నేను చెయ్యలేదు.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్నే అందింది. బావను కుర్చీలోంచి దించి, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టు. ఇది చదవడం ఆపి ఆ పని చేసి, అప్పుడు మిగిలింది చదువు.

ఆసుపత్రికి ఫోను చేశాను. నీకు చేసింది అక్కడి గుమస్తా. ఆయనకు నిజంగానే దగ్గు. ఆయన చెప్పింది నిజం. స్కానులో పూస ఇంకా కిందికి జారింది. కూర్చున్నకొద్దీ బరువు దాని మీద పడుతుంది. కుడి మడమ చల్లబడిందంటే అదే. చలి కాదు.

నీకు ఎన్నిసార్లు చేసినా లైను కలవడం లేదు. ఈ కాగితం తెచ్చినాయన మీ ఊరు వచ్చే బస్సు కండక్టరు, నాకన్నా ముందు చేరతాడు. ఆయన చేతి గడియారం బావ దగ్గరే బాగుచేయించుకున్నాడు, బావకు తెలుసు.

సెడాను రావడం లేదు. దాని సీటుకూ డిక్కీకీ మధ్య ఇనుప గోడ ఉంది, ఎంత వాల్చినా బావ పొడవుకు నిండుగా పడుకునే చోటు లేదు. మా షాపుకొచ్చే ఒక కూరగాయల వ్యాపారి ఎస్‌యూవీ తీసుకుని ఆయన డ్రైవరుతో నేను వస్తున్నాను. మూడో వరసా, వెనక సీటులో ఎడమ సగమూ పీకేశాను. వెనక తలుపు నుంచి ముందు సీటు దాకా చదునుగా పరుపు వేశాను. సెడానుకు చేసిన స్పాంజంతా అందులోకి మార్చాను. వెనక నుంచి పలక మీద జారుస్తాం. ఎవరూ ఎక్కక్కర్లేదు, వంగక్కర్లేదు.

నలుగురు బలమైన వాళ్ళను పిలిచి ఉంచు. బావ రాగానే లోపలికి తీసుకుంటామని ఆసుపత్రివాళ్ళు అన్నారు. నేనొచ్చేదాకా బావను పక్కకు కూడా తిప్పకు.

తమ్ముడు

*

మార్చి 12

అక్కా,

మీ ముందుగదిలో, నేను కారులోంచి పీకేసిన ఆ సగం సీటు మీద కూర్చుని రాస్తున్నాను. మిగిలిన సగం మీద వేసుకొచ్చిన దీన్ని మీరు వెళ్ళేముందు దింపి గోడకు ఆనించాం కదా, అలాగే ఉంది. బాగానే కుట్టాను దీన్ని, ఒకప్పుడు. గంటల తరబడి కూర్చున్నా నొప్పి తెలియడం లేదు. నొప్పి తెలియకపోవడం హాయి అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఉన్నట్టుండి భయమేసి, లేచి కాళ్ళు విదిలించుకుంటున్నాను.

ఆ రోజు నేను వచ్చేసరికి బావ చాప మీద ఉన్నాడు. నమ్మవనుకుంటూ వచ్చాను. "నీ కాగితం మొత్తంలో ఒక్క వెకిలి మాట లేదు, అది చూసే నమ్మాను" అన్నావు చూడు, దారి పొడుగునా నాకు ధైర్యం ఇచ్చినది ఏదైనా ఉంటే ఆ మాటతో అదీ పోయింది. బావను పలక మీద జారుస్తుంటే నా వైపు చూసి, "ఏమోయ్, కాళ్ళు కూడా తెస్తున్నాను, చోటుందా?" అన్నాడు. నేను ఆయన పాదాల మీద దుప్పటి సర్దాను. వెనక తలుపు వేసేటప్పుడు మెల్లగా వెయ్యాలని చూస్తే సరిగ్గా పడలేదు, రెండోసారి గట్టిగా వెయ్యాల్సి వచ్చింది. ఆ కుదుపు ఆయనకు తగిలిందా? ఇదొక్కటే తిరుగుతోంది బుర్రలో. తగిలిందా, లేదా రాయి.

మీతో రాకుండా ఇక్కడ ఉండమన్నావు కదా, బావ షాపు తెరుస్తున్నాను. నాకు గడియారం విప్పడం రాదు కాబట్టి అయిపోయినవి ఇచ్చేస్తున్నాను, కానివాటికి అబద్ధాలు చెబుతున్నాను. "మెకానిక్ ఎప్పుడొస్తాడు?" అని అందరూ అడుగుతున్నారు. ఒకావిడకు, "నడుచుకుంటూ వస్తాడు" అని చెప్పాను. "ఎప్పుడని అడిగాను, ఎలాగని కాదు" అంది. నిజమే.

ఫోను మోగితే పరిగెత్తుతున్నాను. నీ గొంతు కాదు. నువ్వెందుకు చెయ్యడం లేదో ఆలోచించకూడదని బల్లలన్నీ తుడిచాను. ఇంకా తుడవడానికి ఏమీ మిగల్లేదు.

కాలివేలు కదిలిందా?

తమ్ముడు

*

మార్చి 17

ఒరే తమ్ముడూ,

ఇక్కడ ఫోను ఆసుపత్రి వరండాలో ఉంది. రెండుసార్లు వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఏమని చెప్పాలో తెలియక వెనక్కి వచ్చేశాను. కాగితమైతే మధ్యలో ఆగినా ఎవరూ హలో హలో అనరు.

తలుపు కుదుపు ఆయనకు తగల్లేదు. ఆ సంగతి మర్చిపో.

దారిలో ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. నువ్వు సీటు పీకేసిన చోట, ఆయన తల పక్కన, నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఆయన తల కదలకుండా నా రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. సీటు బిగించే బోల్టు ఒకటి నేలలోంచి పైకి లేచి ఉంది. అది నా తుంటిలో దిగబడుతూనే ఉంది. జరిగితే నా చేతులు కదులుతాయి, చేతులు కదిలితే ఆయన మెడ కదులుతుంది. జరగలేదు. ఎత్తు బండి మలుపుల్లో ఊగుతుందని రాశావు. ఊగింది. ప్రతి మలుపుకూ ఆయన, "ఉన్నాయా?" అని అడిగేవారు. నేను చెయ్యి చాచి కుడి పాదం గిల్లలేను, అందదు. "ఉన్నాయి" అనేదాన్ని. తెలియకుండానే అన్నాను, ప్రతిసారీ.

వచ్చిన సాయంత్రమే లోపలికి తీసుకెళ్ళారు. ఇంకో రోజు కూర్చోబెట్టి ఉంటే చెప్పలేం అన్నాడు పెద్ద డాక్టరు. నా ముఖం చూసి మళ్ళీ ఆ మాట అనలేదు. దగ్గే గుమస్తా వచ్చి పలకరించాడు. ఫోనులో నేను తిట్టిన తిట్లన్నీ గుర్తున్నాయట. క్షమాపణ చెబితే, "నా నోరు పడిపోలేదమ్మా" అని దగ్గుతూ వెళ్ళిపోయాడు.

కుడికాలు వచ్చింది. మొన్న మడమ గీకితే లాక్కున్నారు. ఎడమకాలు ఇంకా లేదు. రావచ్చు, రాకపోవచ్చు, నెలలు చూడాలి అంటున్నారు.

ఇవాళ పొద్దున ఇద్దరు నర్సులు ఆయన నడుముకు పట్టా బిగించి మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను గోడవైపు తిరిగాను. చప్పుడేదైనా వస్తుందేమోనని చెవులు మాత్రం అటే ఉన్నాయి. కాసేపటికి ఆయన పిలిచారు. "ఈ కుర్చీ కుట్టినవాడు ఎవడోగాని నీ తమ్ముడికి తగినవాడే. స్పాంజి కుడి పక్కే పెట్టి, ఎడమ పక్క మర్చిపోయాడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన్ని పడుకోబెట్టాక నేను వెళ్ళి కుర్చీని చేత్తో నొక్కి చూశాను. రెండు పక్కలా ఒకేలా మెత్తగా ఉంది. ఆయనకు చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

వచ్చే వారం పంపిస్తామన్నారు. ఈసారి కాస్త వాలి కూర్చుని రావచ్చట. బండి చూడు. సెడాను తెస్తావో ఎస్‌యూవీ తెస్తావో నీ ఇష్టం, ఆ తూకాలన్నీ నీకు తెలుసు. ఒక్కటి మాత్రం చెయ్యి. కప్పు ఎత్తూ, మెట్టు ఎత్తూ, స్పాంజి మందమూ ఇన్ని ఉత్తరాల్లో రాసుకున్నాం. నేనెక్కడ కూర్చోవాలో మనిద్దరిలో ఒక్కరమూ అడగలేదు. ఆయనకు ఎడమ పక్కన నాకు సీటు ఉండాలి. ఆ పక్క ఏది తగిలినా, ఏది ఒరుసుకున్నా, కాలు జారి కింద పడినా ఆయనకు తెలియదు. అక్కడ ఎవరో ఒకరికి తెలియాలి.

మీ అక్క